సీబీడీ నూనె వాడుతున్నా, రాండమ్ డ్రగ్ టెస్ట్‌లో పేరొస్తే?

కొత్త_సీడీఎల్:
అన్నలూ, ఇక్కడ అమెరికాలో ఈమధ్యే ట్రక్కు ఎక్కాను. మా రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమే అయినా నేను ముట్టను. నడుం నొప్పికి సీబీడీ నూనె (గంజాయి జాతి మొక్క నుంచి తీసేది, మత్తివ్వదు) మాత్రం వేసుకుంటున్నా. సీసా మీద టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తెక్కించే పదార్థం, 0.3 శాతం లోపే అని ఉంది. పాజిటివ్ వస్తే ఆ సీసా చూపిస్తే చాలా? టెస్టు చేసేచోట మూత్రం రాకపోతే మర్నాడు వస్తానని వెళ్ళిపోవచ్చా?

రాత్రి_రూటు:
ముందురోజు చెప్పరు బ్రదర్. పిలుపు రాగానే బయల్దేరాలి.

సేఫ్టీ_డెస్క్:
తమ్ముడూ, నేను చాలాకాలం ట్రక్కు నడిపి ఇప్పుడు సేఫ్టీ ఆఫీసులో కూర్చున్నాను. ఆ నూనె ఈరోజే మానెయ్. మన టెస్టు ఫెడరల్ రవాణా శాఖ (డీఓటీ)ది, రాష్ట్ర చట్టం అక్కడ పనికిరాదు. సీబీడీ వాడానన్నది వాళ్ళు ఒప్పుకునే కారణమే కాదు. ఆ టెస్టు సీబీడీ కోసం వెతకదు, టీహెచ్‌సీ కోసం వెతుకుతుంది. సీసా మీద రాసినదానికంటే ఎక్కువ టీహెచ్‌సీ ఉంటే దెబ్బ తినేది నువ్వే.

ఇక వెళ్ళిపోవడం గురించి. దయచేసి ఆ పని చెయ్యకు! ఒంట్లో ఏమీ లేని మనిషి కూడా ఇక్కడే ఉద్యోగం పోగొట్టుకుంటాడు. మధ్యలో లేచిపోతే 'రెఫ్యూజల్' అని రాస్తారు, అది పాజిటివ్‌తో సమానం. 45 మిల్లీలీటర్లు కావాలి. రాకపోతే 3 గంటల టైమిస్తారు, ఆలోగా 40 ఔన్సుల దాకా నీళ్ళు తాగొచ్చు. అప్పటికీ రాకపోతే డాక్టరు పరీక్ష ఉంటుంది. కూర్చో, కదలకు.

ల్యాబులో పాజిటివ్ వస్తే కంపెనీకి చెప్పేముందు మెడికల్ రివ్యూ ఆఫీసర్ (ఫలితాలు సరిచూసే డాక్టరు) నీకు ఫోన్ చేస్తాడు. తెలియని నంబరని కట్ చెయ్యకు. పాజిటివ్ ఖాయం చేసి ఆయన చెప్పాక, 72 గంటల్లోపు, నీ మూత్రంలోంచే విడిగా తీసి ఉంచిన రెండో సీసాను వేరే ల్యాబులో చూడమని అడగొచ్చు. చాలామందికి ఈ హక్కు ఉందనే తెలియదు, నాకు బాధనిపించేది అదే.

కొత్త_సీడీఎల్:
నూనె ఆపేశానన్నా. ఒకవేళ పాజిటివ్ వస్తే వేరే కంపెనీకి మారితే?

సేఫ్టీ_డెస్క్:
మారలేవు. 2020 జనవరి నుంచి క్లియరింగ్‌హౌస్ అని డ్రైవర్ల డ్రగ్ టెస్టు రికార్డులుండే ఫెడరల్ డేటాబేస్ ఉంది, చేర్చుకునేముందు ప్రతి కంపెనీ అందులో చూడాల్సిందే. 2024 నవంబర్ 18 నుంచి రాష్ట్రాలు సీడీఎల్‌నే (ట్రక్కు నడిపే లైసెన్సునే) తీసేస్తున్నాయి. తిరిగి రావాలంటే సబ్‌స్టెన్స్ అబ్యూజ్ ప్రొఫెషనల్ (మత్తు అలవాటును అంచనా వేసే నిపుణుడు) దగ్గరికెళ్ళి, చెప్పిన చికిత్సో క్లాసులో పూర్తిచేసి, మళ్ళీ బండెక్కేముందు చేసే రిటర్న్-టు-డ్యూటీ టెస్టు నెగ్గాలి. ఆ తర్వాత మొదటి 12 నెలల్లో కనీసం 6 సార్లు ముందు చెప్పకుండా టెస్టుకు పిలుస్తారు. ఆ ఖర్చు కంపెనీ పెట్టుకోవాలన్న రూలు కూడా లేదు.

రాత్రి_రూటు:
డాక్టరు రాసిన నొప్పి మాత్రలైతే?

సేఫ్టీ_డెస్క్:
చీటీ నీ పేరున ఉండాలి. ఇంట్లోవాళ్ళ మాత్ర వేసుకున్నానంటే ఒప్పుకోరు. అవి వేసుకుని బండి నడపొచ్చో లేదో ఆ డాక్టరు చేతే రాయించుకో.