గ్రామీ అవార్డుల్లో మన సంగీతం గెలిచిన ఘట్టం టీవీలో ఎందుకు కనిపించదు?

గోదావరి గట్టు (ప్రశ్న):

సంగీతప్రియులకు నమస్కారం. 2025 ఫిబ్రవరి 3, సోమవారం నాడు పొద్దున్నే కాఫీ గ్లాసులు చేత పట్టుకుని, లాస్ ఏంజెలిస్ నుంచి వస్తున్న 67వ గ్రామీ అవార్డుల ప్రసారం ముందు నేనూ మా అమ్మాయీ కూర్చున్నాము. చెన్నైలో పుట్టి అమెరికాలో స్థిరపడిన చంద్రికా టండన్ గారి ఆల్బం ‘త్రివేణి’ నామినేషన్లలో ఉంది కనుక, ఆమె వేదిక ఎక్కడం కళ్ళారా చూడాలని మా ఆశ. ఆరున్నరకు మొదలైన ప్రసారం పది దాకా సాగినా ఆమె ఊసే రాలేదు. తీరా ఫోను తీసి చూస్తే, మేము నిద్ర లేవకముందే ఆమెకు అవార్డు ఇవ్వడం అయిపోయిందని తెలిసింది. మా అమ్మాయి ముఖం చిన్నబోయింది.

అంతకంటే ఎక్కువగా నన్ను బాధించిన సంగతి మరొకటి ఉంది. అంతకు ముందు ఏడాది ఒకే రోజున మూడు గ్రామీలు గెలిచి, 2024 డిసెంబరు 15న మనల్ని విడిచి వెళ్ళిన జాకిర్ హుస్సేన్ గారి పేరు, కన్నుమూసిన కళాకారులకు నివాళిగా ఆ ప్రసారంలో చూపిన భాగంలో ఎక్కడా కనిపించలేదు.

నా సందేహాలు రెండు. మన సంగీతానికి వచ్చే అవార్డును ఇలా ఎవరూ చూడని వేళలో ఎందుకు ఇస్తారు? ఇక రెండవది: అమెరికా రాప్ గాయకుడు కెండ్రిక్ లమార్ పాట ‘నాట్ లైక్ అస్’కు ‘రికార్డ్ ఆఫ్ ద ఇయర్’ ఇచ్చారు, ‘సాంగ్ ఆఫ్ ద ఇయర్’ కూడా ఇచ్చారు. ఒకే పాటకు పేరు మార్చి రెండుసార్లు ఇవ్వడంలో అర్థమేమిటి? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

తొప్పి మైకు:

గట్టు గారూ, పాటలు రికార్డు చేయడమే నా వృత్తి కనుక మీ రెండవ సందేహంతో మొదలుపెడతాను. మొదటిది నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడే ఉన్నారు.

గ్రామీ వాళ్ళ లెక్కలో ‘సాంగ్’ అంటే కాగితం మీది పాట, అంటే సాహిత్యమూ బాణీ మాత్రమే. ఆ బహుమతి రాసినవారికీ, బాణీ కట్టినవారికీ వెళుతుంది; ఎంత గొప్పగా పాడినా, రాయడంలో చెయ్యి లేని గాయకుడికి అందులో వాటా ఉండదు. ‘రికార్డ్’ అంటే మన చెవిని చేరిన పాట. పాడినవారు, నిర్మాత, రికార్డింగ్ ఇంజనీరు, విడివిడి ధ్వనులను కలిపి మిక్సింగ్ చేసినవారు, చివరగా విడుదలకు తగినట్టు సరిచేసి మాస్టరింగ్ చేసినవారు అందరూ ఆ బహుమతికి హక్కుదారులే. ఒకే పాటకు రెండూ రావడం కొత్త విషయమేమీ కాదు. 1959 మే 4న జరిగిన మొట్టమొదటి గ్రామీల్లోనే ఇటలీ గాయకుడు డొమెనికో మొదుగ్నో ‘వొలారే’గా జనం పిలుచుకున్న ఇటాలియన్ పాటకు ఈ రెండూ అందుకున్నాడు.

మనకు దగ్గరి ఉదాహరణ చూడండి. 2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చినప్పుడు ప్రతిమలు అందుకున్నది కీరవాణి గారూ చంద్రబోస్ గారూ. అదే వేదిక మీద ఆ పాటను పాడి సభను ఊపేసిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవల చేతికి ప్రతిమ రాలేదు. అది వారికి జరిగిన అన్యాయం కాదు. ఆస్కార్‌లో పాటకు ఇచ్చేది కాగితం మీది పాటకే. గ్రామీల్లోనూ 2010లో ‘జై హో’కు సినిమా పాటల విభాగంలో వచ్చిన బహుమతి ఎ.ఆర్. రెహమాన్, గుల్జార్ గార్లతో పాటు తన్వీ షాకు దక్కింది. ఆమె గాయని అయినందుకు కాదు, అందులోని స్పానిష్ పంక్తులు రాసినందుకు. ప్రధాన గాయకుడు సుఖ్వీందర్ సింగ్ పేరు ఆ బహుమతిలో లేదు.

ఈ తేడా మీద నేను ఇంత పట్టుదలగా రాయడానికి కారణం ఉంది. కచేరీ రికార్డింగులో మృదంగం తొప్పి (మంద్ర నాదం పలికే ఎడమ ముఖం) వైపు పెట్టే మైకు బెత్తెడు దగ్గరైతే నాదం ముద్దగా వస్తుంది. జానెడు దూరమైతే పక్కన మోగే వీణ అందులోకి చొరబడుతుంది. ఒకసారి ఆ సరైన చోటు దొరకడానికి నాకు ఒక ఉదయమంతా పట్టింది. విద్వాంసుడు ఓపికగా అదే చాపు తాళం మళ్ళీ మళ్ళీ వాయించారు, నేను నేల మీద బోర్లా పడుకుని మైకు స్టాండు అంగుళం అంగుళం జరుపుతూ పోయాను. ఆల్బం బయటకు వచ్చినప్పుడు అట్ట మీద పోషకుల పేర్లన్నీ ఉన్నాయి కానీ, రికార్డు చేసిన మా పేర్లు లేవు. అందుకే మిక్సింగ్ చేసిన మనిషిని కూడా పేరు పెట్టి పిలిచి బంగారు పూత గ్రామఫోను (గ్రామీ ప్రతిమ) చేతిలో పెట్టే పద్ధతి అంటే నాకు గౌరవం. మన దగ్గరి సంగీత పురస్కారాలు కూడా ఈ ఒక్కటి నేర్చుకోవాలని నా కోరిక.

పసిఫిక్ తీరం:

గట్టు గారికి నమస్కారం. కాలిఫోర్నియాలో ఉంటున్నాను కాబట్టి ఈ వేడుక నాకు పగటిపూటే మొదలవుతుంది. మీరు చూసినది రెండవ సగం మాత్రమేనండీ. 2025లో 94 విభాగాలు ఉన్నాయి. వాటిలో సాయంత్రం టీవీ ప్రసారంలో ఇచ్చేవి పదికి అటూ ఇటూ, మిగిలినవన్నీ మధ్యాహ్నం పన్నెండున్నరకు, ప్రధాన వేడుక జరిగే భవనానికి ఎదురుగా ఉన్న పీకాక్ థియేటర్‌లో మొదలయ్యే ప్రీమియర్ వేడుకలో ఇస్తారు. అంటే మీకు రాత్రి రెండు గంటలు. దాన్ని యూట్యూబ్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ‘త్రివేణి’కి చంద్రిక గారితో కలిసి పనిచేసిన దక్షిణాఫ్రికా వేణువాద్యకారుడు వౌటర్ కెల్లర్‌మన్, జపాన్‌కు చెందిన చెల్లో కళాకారిణి ఎరు మత్సుమోతో కూడా విజేతలే. ముగ్గురికీ బహుమతి అక్కడే ప్రకటించారు.

ఇది భారతీయ సంగీతం మీద చిన్నచూపు అని నేను అనుకోను. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, జాజ్ విభాగాలు, పిల్లల పాటలు, ఇంజనీర్లకు ఇచ్చే అవార్డులు కూడా ఆ మధ్యాహ్నం గుంపులోనే ఉంటాయి. సాయంత్రం టీవీవాళ్ళకు కావలసింది పేరున్న గాయకుల ప్రదర్శనలు. బహుమతులు వాటి మధ్య ఖాళీల్లో ఇమిడిపోతాయి. నా మటుకు నాకు ఆ మధ్యాహ్నమే అసలైన గ్రామీ. 2013లో వరల్డ్ మ్యూజిక్ విభాగంలో పండిట్ రవిశంకర్ గారూ, ఆయన కుమార్తె అనుష్కా శంకర్ గారూ ఒకరికొకరు పోటీగా నిలిచారు. నామినేషన్లు ప్రకటించిన కొద్ది రోజులకే, 2012 డిసెంబరు 11న ఆయన కన్నుమూశారు. తన ఇంటి ముందుగదిలో కూర్చుని వాయించిన రాగాల ఆల్బంకే ఆ బహుమతి వచ్చింది. కూతురి ఆల్బంను దాటి తండ్రి ఆల్బం గెలవడం, అదీ ఆయన లేనప్పుడు గెలవడం తలచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పూడుకుపోతుంది.

జాకిర్ గారి విషయంలో మాత్రం మీ బాధే నా బాధ. సమయం చాలలేదన్న సమాధానం అక్కడ సరిపోదు. ఏడాది క్రితమే మూడుసార్లు పేరు పిలిచిన మనిషి ఆయన.

వీణ మెట్లు:

జాకిర్ గారి మూడు గ్రామీల మాట వచ్చింది కనుక ఒక సంగతి చేర్చాలని ఉంది. ఆ మూడింటిలో ఒకటి ‘శక్తి’ బృందం ఆల్బం ‘దిస్ మూమెంట్’కు వచ్చింది. గిటారు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్, గాత్రం శంకర్ మహదేవన్, వయొలిన్ గణేశ్ రాజగోపాలన్, తాళవాద్యాలు సెల్వగణేశ్. సెల్వగణేశ్ తండ్రి, ఘటం విద్వాంసుడు విక్కు వినాయకరామ్ గారు 1970ల నాటి మొదటి ‘శక్తి’లో ఉన్నారు, 1992లో వరల్డ్ మ్యూజిక్ విభాగంలో మొట్టమొదటి గ్రామీ గెలిచిన ‘ప్లానెట్ డ్రమ్’లోనూ ఆయన ఘటం ఉంది, జాకిర్ తబలా ఉంది. తండ్రికి వచ్చిన 32 ఏళ్ళకు కొడుక్కి వచ్చిందన్నమాట.

ఆ రెండు ‘శక్తి’లకూ మధ్యన ‘రిమెంబర్ శక్తి’ పేరుతో ఈ బృందం దేశదేశాలు తిరిగినప్పుడు, మెక్‌లాఫ్లిన్ పక్కన చిన్న ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని కూర్చున్నది మన పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్. 1969లో పుట్టి, 2014 సెప్టెంబరు 19న 45 ఏళ్ళకే వెళ్ళిపోయారు. గ్రామీ రికార్డుకు ఇచ్చే బహుమతి కనుక, 2023లో వచ్చిన ఆ రికార్డులో లేని శ్రీనివాస్ పేరు విజేతల జాబితాలో ఉండదు. నియమం ప్రకారం అది సరైనదే. అయినా వేదిక మీద ఆ బృందాన్ని చూసినప్పుడు నా కన్ను మాండొలిన్ కోసమే వెతికింది.

గోదావరి గట్టు:

ముగ్గురికీ ధన్యవాదాలు. మాది పాలకొల్లుకు దగ్గరి ఊరే. శ్రీనివాస్ గారు ‘రిమెంబర్ శక్తి’లో వాయించిన పాత కచేరీ వీడియో ఒకటి నిన్న రాత్రి మా అమ్మాయికి చూపించాను. ఆమె ఖంజీర నేర్చుకుంటోంది. అందులో సెల్వగణేశ్ ఖంజీర మొదలైన చోటనుంచి మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూసింది. వచ్చేసారి రాత్రి రెండింటికే లేస్తాము. చివరిగా ఒక్క ప్రశ్న: మన తెలుగు రికార్డు ఏదైనా ఈ పోటీలోకి వెళ్ళాలంటే దారి ఏమిటి?

తొప్పి మైకు:

దారి ఉందండీ. అభిమానుల ఓట్లతోనూ, అమ్మకాల లెక్కలతోనూ ఇక్కడ పని లేదు. నిర్ణీత గడువులో ఆ రికార్డు అమెరికాలో విడుదలై ఉండాలి. 2025 వేడుకకు ఆ గడువు 2023 సెప్టెంబరు 16 నుంచి 2024 ఆగస్టు 30 వరకు. ఆ తరువాత రికార్డు కంపెనీ గానీ, గ్రామీలు ఇచ్చే సంస్థ అయిన రికార్డింగ్ అకాడమీ సభ్యులు గానీ దాన్ని పోటీకి నమోదు చేయాలి. ఎవరూ నమోదు చేయని రికార్డు ఎంత గొప్పదైనా పరిశీలనకు రాదు. ఓటు వేసేది గాయకులు, రచయితలు, నిర్మాతలు, ఇంజనీర్లు. ముందు నామినేషన్లకు ఒకసారి, తరువాత విజేతలకు ఒకసారి ఓటు వేస్తారు. మన వైపు చాలా రికార్డులు ఆ నమోదు మెట్టు దగ్గరే ఆగిపోతున్నాయి. మీ అమ్మాయి ఖంజీర రికార్డు చేసే రోజు వస్తే మైకు నేనే పెడతాను, అట్ట మీద అందరి పేర్లూ వేద్దాం.