రేడియాలజీ అంటే ఏసీలో కూర్చుని ఫిల్ములు చూడటమేనా?

హౌస్‌సర్జన్ కర్నూలు:
సీనియర్లకు నమస్తే. పీజీకి రేడియాలజీ తీసుకుందామని ఉంది. ఆదోనిలో మా మామ "మంచిదేరా, పేషెంట్ల గొడవుండదు, ఏసీలో కూర్చుని ఫిల్ములు చూసుకోవడమే" అంటాడు. నేను చూసినప్పుడల్లా స్కానింగ్ డాక్టర్లు ఫోన్లోనే ఉంటారు, లేదంటే గుమ్మం దగ్గర ఎవరికో సర్ది చెబుతుంటారు. స్కాన్లు చదవడం కాక ఏం పనులుంటాయి?

చీకటిగది:
తమ్ముడూ, నేను కర్నూల్లోనే, ప్రైవేటులో 11 ఏళ్లుగా చేస్తున్నా. ఆసుపత్రి పేరు వద్దు. ఆ ఏసీ మెషీన్ కోసం, మా కోసం కాదని మీ మామకు చెప్పు.

నిన్న పొద్దున ఎనిమిదిన్నరకు పొట్ట సీటీ ఒకటి తెరిచా. సంతకం పెట్టేసరికి పదిన్నర. చదవడానికి పట్టింది ఇరవై నిమిషాలే. ముందు టెక్నీషియన్ వచ్చాడు, కాంట్రాస్ట్ (స్కాన్‌లో లోపలి భాగాలు బాగా కనబడేందుకు నరంలోకి ఎక్కించే మందు) కేసుకు క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, రిపోర్టు లేదని. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన పెద్దాయన, షుగర్ ఉంది, నడుం పక్కన నొప్పి. కిడ్నీల సంగతి తెలియకుండా మందు ఎక్కించలేను. రక్తం ల్యాబుకు పంపి, రాసిన డాక్టరుకు ఫోన్ చేస్తే ఎత్తడు. ఈలోపు కొడుకు కిటికీ దగ్గర: "దుడ్లు కట్టినాం కదమ్మా, ఇంకా ఎందుకు కూర్చోబెట్టినారు?"

అటు ఎమ్మారై దగ్గర ఒకామె మెట్టెలు తీయనంటోంది. అసలు వెండి అయితే అయస్కాంతం లాగదు. అవి వెండో కాదో ఎవరు చెప్పాలి? వాళ్ల అత్తను పిలిపించి ఒప్పించా. ఇదీ నా పనే.

ఇక ఫారం ఎఫ్. గర్భిణికి స్కాన్ చేస్తే 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద నింపాల్సిందే. ఎవరు పంపారు, ఎందుకు చేశాం, ఎంతమంది కొడుకులు, ఎంతమంది కూతుళ్లు, వాళ్ల వయసులు, ఆమె సంతకం, నా సంతకం. నెలవారీ లెక్క 5వ తేదీలోపు వెళ్లాలి. కాగితాలు రెండేళ్లు దాచాలి. గడి ఖాళీగా ఉంటే గుమాస్తా తప్పు అని వదలరు, రికార్డు లోపమూ నేరమేనన్న ఆ నిబంధనను సుప్రీంకోర్టు 2019లో సమర్థించింది. బిడ్డ తల కొలత మీద అనుమానం వస్తే మళ్లీ కొలుస్తా. గడి తప్పితే మెషీన్‌కే సీలు పడొచ్చు. అందుకే రాత్రి తొమ్మిదికి ఫారాలు ముందేసుకుని కూర్చుంటా, ఇంట్లో అన్నం చల్లారిపోతుంటుంది.

పెద్దాసుపత్రి పీజీ:
మాకు ఇవి కాక వయసు నిర్ధారణ కేసులు. పోలీసులు పిల్లను తీసుకొస్తారు. మణికట్టు, మోచేయి, కటి ఎక్స్‌రేలు తీసి, ఎముకల చివర్లు అతుక్కున్నాయో లేదో రాసిస్తాం. ఆ కాగితం ఎప్పుడో కోర్టులో తేలుతుంది. రాత్రి డ్యూటీలో క్యాజువాల్టీ ఫోన్లయితే లెక్కే లేదు. "అన్నా, తల సీటీ ఒక్కసారి చూడు" అంటారు, అసలు చదువుతున్నది సగంలో ఆగిపోతుంది.

హౌస్‌సర్జన్ కర్నూలు:
మేడమ్, మరి తీసుకోవచ్చా? ఆ పెద్దాయన ఏమయ్యాడు?

చీకటిగది:
తీసుకో. లివర్‌లో చీము పట్టినవాళ్లకు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ గొట్టం వేస్తే, మర్నాటికి జ్వరం దిగి ఇడ్లీ అడుగుతారు. అది నాకు ఇష్టం.

పెద్దాయనకు క్రియాటినిన్ 2.1 వచ్చింది, ఉండాల్సినదానికంటే ఎక్కువ. రాసిన డాక్టరు చివరికి ఫోన్ ఎత్తాడు, ఇద్దరం అనుకుని కాంట్రాస్ట్ లేకుండానే తీశాం. మూత్రనాళంలో రాయి, స్పష్టంగా కనబడింది. కొడుకు రిపోర్టు తీసుకుని వెళ్తూ "దీనికేనా ఇంతసేపు?" అన్నాడు.