ముప్పయ్యేళ్లు దాటాక కటాలో ఎదగడం సాధ్యమేనా? సాండ్రా శాంచెజ్ గురించి చర్చ

రవళి:
కరాటేలో కటా (ప్రత్యర్థి లేకుండా ఒంటరిగా చేసి చూపే విన్యాసం) సాధన చేసే మా అమ్మాయికి 18 నిండాయి. జాతీయ పతకం ఇంకా రాలేదు కాబట్టి ఇక చదువు చూసుకోమని చుట్టాలందరూ చెబుతున్నారు. స్పెయిన్ క్రీడాకారిణి సాండ్రా శాంచెజ్ 39 ఏళ్ల వయసులో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది కదా, ఆ ప్రయాణం గురించి తెలిసినవారు చెబుతారా?

షీతోర్యూ పాతకాపు:
రవళి గారూ, ఆమె కరాటే మొదలుపెట్టింది నాలుగేళ్లకే. స్పెయిన్ జాతీయ జట్టులోకి మాత్రం ముప్పయ్యేళ్లు దాటాకే వచ్చింది. మధ్యలో తల్లి అనారోగ్యం వల్ల పోటీలు పక్కన పెట్టాల్సి వచ్చింది. జట్టులో స్థిరపడ్డాక ఇక ఆగలేదు. 2015 నుంచి ఐరోపా టైటిళ్లు వరుసగా ఏడు! 2018లో సొంతగడ్డ మాడ్రిడ్‌లో ప్రపంచ విజేత. ఫైనల్లో ఓడింది ఎవరనుకున్నారు? 2014, 2016 ప్రపంచ ఛాంపియన్, జపాన్‌కు చెందిన కియో షిమిజు.

కుమితే మనిషి:
నాకు కటా అంత రుచించదు. ఎదురుగా మనిషి లేకుండా చేసేదానికి మార్కులేమిటి? తలకు తన్ని మూడు పాయింట్లు తెచ్చుకోవడంలో ఉన్న ఆనందం వేరు.

షీతోర్యూ పాతకాపు:
తలకు తన్నడం గురించి మీరే చెప్పాలి! టోక్యో ఒలింపిక్స్‌లో కుమితే (ఇద్దరు ఎదురెదురుగా తలపడే పోటీ) 75 కిలోల పైబడిన విభాగం ఫైనల్ గుర్తుందా? సౌదీ కుర్రాడు హమేదీ 4-1తో ముందున్నాడు. అతని తన్ను తగిలి ఇరాన్‌కు చెందిన గంజ్‌జాదే స్పృహ తప్పాడు. దెబ్బను అదుపు చేసుకోలేదని హమేదీని అనర్హుడిగా ప్రకటించారు. స్ట్రెచర్ మీద వెళ్లిన మనిషికి స్వర్ణం దక్కింది. అలాంటి గందరగోళం కటాలో ఉండదు.

మాధవి:
గందరగోళం లేదంటే ఒప్పుకోను. అప్పట్లో ఏడుగురు న్యాయనిర్ణేతలు సాంకేతికతకు, శారీరక పటిమకు విడివిడిగా మార్కులు వేసేవారు. పై రెండూ కింది రెండూ తీసేసి మధ్యలో మిగిలిన మూడింటినే లెక్కించేవారు. సాంకేతికతకు 70 శాతం బరువు, పటిమకు 30 శాతం. అయినా టోక్యోలో సాండ్రాకు 28.06, షిమిజుకు 27.88. 0.18 తేడాతో నాలుగేళ్ల శ్రమ తేలిపోయింది. అదీ జపాన్‌లో, బుదోకాన్ క్రీడా ప్రాంగణంలో, జపాన్ అమ్మాయి మీద!

ఆ ఫైనల్లో సాండ్రా చేసిన చాతన్‌యారా కూశాంకూ అనే కటాను ఒకసారి శబ్దం తీసేసి చూడండి. చాలామంది దుస్తుల మీద చరిచి, కాళ్లు దబదబా కొట్టి ఊపు తెప్పించాలని చూస్తారు. నిబంధనల ప్రకారం అది తప్పే. ఈమెకు ఆ హంగామా అక్కర్లేదు. మడమ నేలకు తగిలే క్షణంలోనే పిడికిలి ఆగుతుంది. నడుము తిరిగిన తర్వాతే భుజం కదులుతుంది.

కుమితే మనిషి:
సరే, ఈ రాత్రికి చూస్తాను. ఒప్పుకున్నానని మాత్రం అనుకోవద్దు.

రవళి:
అమ్మాయికి చూపించాను. కానీ పారిస్ ఒలింపిక్స్‌లో కరాటే లేదు కదా, ఇక దేనికోసం ఆడాలి అంటోంది.

మాధవి:
ఒలింపిక్స్ ఒక్కటే పోటీ కాదమ్మా. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు, కరాటే ప్రీమియర్ లీగ్, ఆసియా క్రీడలు ఉన్నాయి. సాండ్రా కూడా టోక్యో తర్వాత 2021లో దుబాయ్‌లో మళ్లీ ప్రపంచ విజేత అయి, 2022 ప్రపంచ క్రీడల్లో స్వర్ణం అందుకున్నాకే విరమించింది. ముందుగా మీ అమ్మాయి ఏ శైలిలో సాధన చేస్తోందో చెప్పండి. దాన్నిబట్టి పోటీకి ఏ కటాలు ఎంచుకోవాలో మాట్లాడుకుందాం.