సర్కారు అడవిలో చెట్లు కొట్టాలా, వద్దా?

అడవిదారి: రిజర్వు ఫారెస్టులో కోత పూర్తిగా ఆపేయాలంటారా? 1996 డిసెంబరు 12న అడవుల రక్షణ కోసం వేసిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, కేంద్రం ఆమోదించిన వర్కింగ్ ప్లాన్ (ఎక్కడ, ఎప్పుడు, ఎంత కొట్టాలో రాసుకునే ప్రణాళిక) లేకుండా ఏ అడవిలోనూ చెట్లు కొట్టొద్దంది. అంటే ప్లాన్ ఉంటే కొట్టొచ్చనేగా? లెక్క ప్రకారం కొడితే తప్పేంటని నా అనుమానం.

పచ్చనాకు: ఒక్క చెట్టు కూడా కొట్టకూడదు. 1988 అటవీ విధానం చదవండి. ముందు పర్యావరణం, ఆదాయం ఆ తర్వాతే అని స్పష్టంగా ఉంది.

కూపు మేస్త్రి: ఆదాయం తర్వాత అన్నారు గానీ అసలు వద్దనలేదుగా. ఇరవై రెండేళ్లు టేకు కూపుల్లో, అంటే కోతకు విడదీసిన అడవి ముక్కల్లో, పనిచేశాను, నాకు తెలిసింది చెబుతా. 600 హెక్టార్ల అడవి, చెట్టు 60 ఏళ్లకు కోతకొస్తుంది అనుకోండి. అడవిని 60 కూపులు చేసి ఏడాదికి 10 హెక్టార్లు కొడతాం. చివరి కూపు అయ్యేసరికి మొదటిది మళ్ళీ కోతకొస్తుంది. నేలకు జానెడు ఎత్తులో, నీళ్లు నిలవకుండా ఏటవాలుగా కొడితే టేకు మోడు పిలకలేస్తుంది. బలమైన పిలకొకటి ఉంచి మిగతావి తీసేస్తాం. మోడు చీలిందంటే మాత్రం కుళ్లు పడుతుంది. అందుకే గొడ్డలి కొత్తవాడి చేతికిచ్చేవాణ్ని కాదు.

పచ్చనాకు: పిలకలు అడవి ఎలా అవుతాయి? తొర్రలో కాపురమున్న పక్షి మీ పిలక మీద ఉంటుందా?

కూపు మేస్త్రి: 60 కూపుల్లో ఒక్కటే కదా కొట్టేది! మిగతా 59 ఏమయ్యాయి?

పచ్చనాకు: తొర్ర గురించి చెప్పండి.

లెక్కల మాస్టారు: పెరిగినంతే కొట్టాలన్న ఈ మాట 1713లోనే సాక్సనీ గనుల అధికారి కార్లోవిట్జ్ రాశాడు. కానీ మేస్త్రి గారూ, 37వ కూపులో మంటలు రేగితే మీ లెక్క ఏమవుతుంది?

కూపు మేస్త్రి: ప్లాన్ రాతిమీద చెక్కరు కదండీ, మామూలుగా పదేళ్లకోసారి తిరగరాస్తారు. కాలిన మేరకు కోత తగ్గిస్తారు.

బొంగుబుట్ట: మీరంతా టేకు దగ్గరే ఆగిపోయారు. మా నాన్న బుట్టలల్లేవాడు. సైకిల్ మీద నాలుగు బొంగులు తెచ్చినందుకు కేసు పెట్టి కత్తి లాక్కున్నారు. అదే వారం అదే గుట్ట మీంచి లారీల్లో వెదురు దిగింది. నాన్న ఏనాడూ ఆ ఏటి బొంగు ముట్టేవాడు కాదు. మూడేళ్లు ముదిరినదే, అదీ పొద లోపలి నుంచి తీసేవాడు. తీయకపోతే పొద ఒత్తుకుపోయి నడుమ ఎండిపోతుంది. వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి, అంటే అడవి మీద బతికేవాళ్లు తెచ్చుకోగలిగేది అని 2006 అటవీ హక్కుల చట్టంలోనే ఉంది. అయినా కొట్టొద్దని మాకే చెబుతారు.

పచ్చనాకు: అన్నా, నేను అన్నది నాన్నగారిని కాదు. ఆ లారీలనే. ప్లాన్ రాసేది, కొట్టించేది, ఎంత కొట్టారో లెక్క చూసేది అంతా ఒకే శాఖ అయితే ఎలా నమ్మమంటారు? అందుకే అసలు వద్దంటున్నా.

కూపు మేస్త్రి: అంటే మేం దొంగలమనేగా! ఎండలో వానలో తిరిగినోడికి ఇదా మర్యాద?

పచ్చనాకు: మిమ్మల్ని అన్నానా? లెక్క ఎవరు చూస్తున్నారని అడిగా.

అడవిదారి: కొంచెం నెమ్మది. ఇంతసేపూ కొట్టాలా వద్దా అనుకున్నాం గానీ గొడవ అది కాదనిపిస్తోంది.

కూపు మేస్త్రి: సరే వినండి. కొట్టే ముందు ప్రతి చెట్టుకూ సుత్తి ముద్ర, నంబరు పడతాయి. కొట్టాక మోడు మీద ఆ ముద్ర మిగలాలి, దుంగ మీద అదే నంబరు వేయాలి. రిజిస్టరు పట్టుకుని కూపులో నడిస్తే ముద్ర లేని మోడు ఎవరికైనా కనబడుతుంది. దాచడానికేముంది? నా సర్వీసులో ఊరివాళ్లెవరూ రిజిస్టరు చూపించమని అడగలేదు.

బొంగుబుట్ట: మా ఊళ్లో అడిగాం. నీకెందుకన్నారు.