అప్‌డేట్: ఫైర్ హెడ్‌గా చేరిన ప్లాంట్‌లో జాకీ పంప్ సమస్య తీరింది

మహారాష్ట్రలోని బల్లార్షా దగ్గర ప్లాంట్‌లో ఫైర్ హెడ్‌గా (ఫైర్ సేఫ్టీ విభాగం హెడ్‌గా) చేరుతూ, నీళ్లు వాడకపోయినా జాకీ పంప్ (ఫైర్ పైపుల్లో ప్రెషర్ తగ్గకుండా చూసే చిన్న పంప్) మాటిమాటికీ ఎందుకు స్టార్ట్ అవుతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

లీకు ఎక్కడో తెలియడానికి పైప్‌లైన్‌లో ఒక్కో భాగానికి ఉండే సెక్షన్ వాల్వ్ మూసి చూడమన్న సలహాయే పనిచేసింది. అన్నీ మూసినా ప్రెషర్ పడిపోతూనే ఉంది, అంటే లీకు పంప్‌హౌస్‌లోనే. సర్వీస్ వాళ్లు డీజిల్ పంప్ ఎన్ఆర్‌వీ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్) విప్పితే సీటు మీద వెల్డింగ్ ముక్క ఇరుక్కుని ఉంది. నీళ్లన్నీ వెనక్కి ట్యాంకులోకే! ప్రెషర్ తగ్గితే పంప్ స్టార్ట్ చేసే ప్రెషర్ స్విచ్ జోలికి పోవాల్సిన పనే పడలేదు.

మరాఠీ రాదన్న టెన్షన్ కూడా దండగే, షిఫ్టులో మనవాళ్లు బాగానే ఉన్నారు. ఇంకోటి, మహారాష్ట్ర 2006 ఫైర్ సేఫ్టీ చట్టం ప్రకారం లైసెన్స్ ఉన్న ఏజెన్సీ నుంచి బి ఫారం (ఫైర్ సిస్టమ్ సరిగ్గా పనిచేస్తోందనే సర్టిఫికెట్) తీసుకుని ఏటా జనవరి, జులైల్లో ఇవ్వాలి. అది గుర్తుచేసిన అన్నకి ఒక చాయ్ బాకీ.