ఏడాది సరుకు ఒకేసారి కొంటే నిజంగా మిగులుతుందా?

రామచంద్రపురం కోడలు
అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఐదుగురం: అత్తగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. ఆయనది ప్రైవేటు ఉద్యోగం. గ్యాసు, పాలు కాకుండా ఒక్క సరుకులకీ సబ్బులకే నెలకు పదివేలు దాటుతోంది. ఫిబ్రవరి, మార్చిలో మిరపకాయలు, చింతపండు, కందులు, మినుములు ఏడాదికి సరిపడా కొని పడేసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుందని అత్తగారి మాట. నెలకోసారి కాకినాడ వెళ్లి పెద్ద మార్ట్‌లో తెచ్చుకుందామని ఆయన మాట. ఇప్పటిదాకా వీధి చివర కొట్లో ఖాతా. ఈ మూడింటిలో ఏది మిగులుస్తుందో చేసి చూసినవాళ్లు చెప్పండి.

సార్వా దాళ్వా
మీ అత్తగారి మాట వినమ్మా. మా ఇంట్లో ఎప్పుడూ అదే పద్ధతి. బియ్యంతో మొదలుపెట్టు. ధాన్యం బస్తా 75 కిలోలు. 2025-26 సీజనుకు మద్దతు ధర క్వింటాకు 2369 రూపాయలు, అంటే బస్తా 1777. ఊళ్లో మరలో ఆడిస్తే నూకలు పోను 48 కిలోలకు తగ్గవు. కిలో 37 పడింది. ఆడించిన కూలికి తవుడు సరిపోతుంది. కొట్లో బియ్యం యాభై దాటి ఎన్నాళ్లయిందో నీకే తెలుసు. సార్వా, అదే ఖరీఫ్ వరి, కోతలప్పుడు ఎవరైనా తెలిసిన రైతు దగ్గర పది బస్తాలు మాట్లాడుకుంటే ఏడాదంతా బియ్యం గొడవ లేదు. మినుములు, పెసలు మాత్రం మార్చిలో కల్లం దగ్గరే కొనాలి. వర్షాకాలం వచ్చాక వాటి రేటు అడగబుద్ధి కాదు.

గ్రాముల లెక్క
బియ్యం బస్తా కొనేవాళ్లు ఒకటి చూసుకోండి. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ ఉంది. పాతిక దాటితే లేదు. మన దగ్గర 26 కిలోల బస్తాలు కనబడేది అందుకే. ఏ బస్తా అయినా రేటును కిలోలతో భాగించి చూడకుండా కొనకండి.

నూనె ఇంకా పెద్ద మాయ. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఇప్పుడు 850, 800 గ్రాముల ప్యాకెట్లు కూడా అదే షెల్ఫులో పెడుతున్నారు, చూడ్డానికి అన్నీ ఒకటే. 910 గ్రాములు 150 రూపాయలైతే 60 గ్రాముల ఖరీదు దగ్గర దగ్గర పది. పది రూపాయలు తక్కువకు దొరికిందని సంబరపడి 850 ప్యాకెట్ తెచ్చుకున్నవాళ్లకు మిగిలింది సున్నా.

కొట్టు అబ్బాయి
పాలకొల్లు దగ్గర మాది కిరాణా కొట్టు. సార్వా దాళ్వా బాబాయ్ గారి లెక్క వినడానికి బాగుంది గానీ ఆయన చెప్పిన రేటుకు వచ్చే ధాన్యం ఏ రకమండీ? స్వర్ణ. ఎం.టి.యు. 7029. మార్టేరు వరి పరిశోధన కేంద్రం వాళ్లు 1982లో ఇచ్చిన వంగడం. నా దగ్గర యాభై పైన అమ్మేది సన్న బియ్యం. రెండూ ఒక తక్కెడలో పెట్టి ఇంత మిగిలిందంటే ఎలా? మా ఊరి రైతులే స్వర్ణ అమ్ముకుని నా దగ్గర సన్నాల బస్తా పట్టుకెళుతున్నారు. వాళ్ల పిల్లలు స్వర్ణ అన్నం తినరు.

సార్వా దాళ్వా
స్వర్ణకు ఏమైంది అబ్బాయ్? ఈ డెల్టా అంతా అది తినే పెరిగింది. ఆరు నెలలు నిలవబెట్టి వండితే ఏ సన్నాలూ దాని ముందు నిలవవు. పాత బియ్యం ఎసట్లో పెరుగుతుంది, కొత్త బియ్యం ముద్దవుతుంది. నీ బస్తాలో పాతవని చెప్పి కొత్తవి కలపరని నువ్వు రాసిస్తావా?

కొట్టు అబ్బాయి
నేను రకం గురించి అడిగితే మీరు పాతా కొత్తా అంటున్నారు.

అట్లకాడ
బియ్యం ఖర్చు తగ్గాలంటే రేషన్ బియ్యం వదులుకోకండి. 2023 జనవరి నుంచి మనిషికి 5 కిలోలు ఉచితమే కదా. అన్నానికి నచ్చకపోతే అట్లకీ ఇడ్లీ పిండికీ వాడండి. మేం అదే చేస్తాం.

లంకవాసి
మాది కోనసీమలో లంక గ్రామం. ఏడాది సరుకు మాకు పొదుపు సంగతి కాదు, అవసరం. 2022 జులై వరదకు పడవ తప్ప దారి లేదు. అటక మీద పప్పూ ఉప్పూ ఉన్న ఇళ్లలో పొయ్యి వెలిగింది. అదే వరదకు మా కింద గదిలో పెట్టిన మినుములు మొలకలెత్తాయి, బియ్యం బూజుపట్టాయి. కాబట్టి ఎంత కొనాలన్నదాని కంటే ఎక్కడ పెట్టాలన్నది ముందు చూసుకోండి. వరద లేకపోయినా శ్రావణంలో ముసురు పట్టిందంటే ఇక్కడ నేల మీద పెట్టిన గోనె సంచి అడుగు చెమ్మెక్కుతుంది.

గ్రాముల లెక్క
మార్ట్ గురించి కూడా చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ మేరకు రేటు తగ్గిందో లేదో పాత బిల్లు పక్కన పెట్టి చూడండి. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నచోట కూడా గ్రాములు చూడండి.

మార్ట్ వీరుడు
అన్నా, మనిషికి కాస్త తీరిక కూడా ఉండాలి.

తణుకు మెట్టినిల్లు
కోడలు గారూ, ఏడాది సరుకు మా పుట్టింట్లో చేశారు, మెట్టినింట్లో నేను చేశాను. మిగులుతుంది, కాదనను. కానీ ఎలా మిగులుతుందో బాబాయ్ గారు చెప్పలేదు. మిరపకాయలు తెచ్చిన రోజు నుంచి ఎండబెట్టడం, ముచ్చికలు తీయడం, దంపించడానికి మరకు మోయడం. ఆ వారమంతా చేతులు మంట, పిల్లలను ఎత్తుకోవడానికి లేదు. చింతపండు పిక్కలు తీసి, ఉప్పు కలిపి జాడీకెత్తాలి. కందులైతే నూనె పట్టించి, ఎండబోసి, మరాడించి, చెరిగి, ఆ పప్పుకు పురుగు పట్టకుండా మళ్లీ ఆముదం రాయాలి. ఆషాఢం దాటాక ప్రతి ఎండకూ అన్నీ డాబా మీదికి ఎక్కించి దింపాలి. మబ్బు పడితే పరుగు.

సార్వా దాళ్వా
మా అమ్మ ఇవన్నీ చేసి పొలానికీ వచ్చేది. ఇప్పటి ఆడవాళ్లకు ఓపిక లేదంతే. ఫోను చూసే టైములో సగం చాలు.

అట్లకాడ
బాబాయ్ గారూ, అనకుండా ఉండాల్సింది.

తణుకు మెట్టినిల్లు
ఓపిక గురించి మాట్లాడుతున్నారు కాబట్టి చెబుతాను. నేను పొద్దున ఏడింటి బస్సెక్కి స్కూల్లో పాఠాలు చెప్పి ఐదింటికి ఇంటికొస్తాను. కూలి మనిషిని పెట్టి ముచ్చికలు తీయిస్తే ఆ కూలి మీ లెక్కలో ఎక్కడుంది? మీ 37 రూపాయల బియ్యంలో మర కూలి తవుడులో కలిపేశారు, జల్లించిన చేతుల కూలి ఎందులో కలిపారు? మా మామగారు కూడా మిగిల్చాం మిగిల్చాం అని పది మందిలో చెప్పేవారు. ఆ మిగిలిన డబ్బుతో ఇంట్లో గ్రైండరైనా కొన్నారా అంటే లేదు, పొలానికి బోరు వేయించారు.

మార్ట్ వీరుడు
టీచరమ్మ గారికి నా ఓటు. ఏసీలో బండి తోసుకుంటూ ఏరిన పప్పు కొనుక్కోవడంలో ఏం పాపముంది?

కొట్టు అబ్బాయి
పాపం లేదండీ. నగదు ఉన్నప్పుడు మార్ట్, లేనప్పుడు నా కొట్టు. అదే నాకు మండేది. 2011లో కోనసీమలో రైతులు వరి వేయకుండా పంట విరామం ప్రకటించిన ఏడు మా మేనమామ కొట్టు అక్కడే. ఊరంతా ఆయన ఖాతాలో తిన్నారు. 2020 లాక్‌డౌన్‌లో నేను గుమ్మం దగ్గరికి మోశాను. ఇప్పుడు జీతం పడిన మొదటి ఆదివారం నా కొట్టు ముందు నుంచే మార్ట్ సంచులతో ఆటో దిగుతారు. ఇరవయ్యో తేదీకి వచ్చి, అరకిలో పప్పు, పావు నూనె, రాసుకో అంటారు. సబ్బు మీద నాలుగు రూపాయలు తక్కువకు అమ్మలేనని నన్ను దోపిడీదారుణ్ణి చేస్తారు. మీరు ఖాతాలో ఉంచిన డబ్బుకు నేను హోల్‌సేల్ వాడికి వడ్డీ కడుతున్నాను. అది ఏ బిల్లులో వేయమంటారు?

సార్వా దాళ్వా
వేస్తూనే ఉన్నావుగా. ఖాతా మీద కొన్నవాడికి ఎమ్మార్పీలో పైసా తగ్గదు.

రామచంద్రపురం కోడలు
నేను అడిగినదాని కంటే ఎక్కువే జవాబు వచ్చింది. అసలు విషయం కూడా చెప్పేస్తాను. అత్తగారి లిస్టు వేస్తే 40 వేలు తేలింది. ఆ డబ్బు మా దగ్గర లేదు. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తానని ఆయన సరదాకి అన్నారు, అత్తగారు నిజమే అనుకున్నారు. పొలం ఉన్నవాళ్లకు కోతలప్పుడు చేతిలో డబ్బు ఆడుతుంది. మాకు ఒకటో తారీఖున వస్తుంది, ఆరో తారీఖుకు అయిపోతుంది. ఏడాది సరుకు చేయాలా వద్దా అని కాదు, ఎవరు చేయగలరు అని అడగాల్సిందేమో.

గ్రాముల లెక్క
లెక్క వేశాను. 40 వేలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి 12 నెలల్లో అసలు సమానంగా తీర్చుకుంటూ పోతే మొత్తం వడ్డీ 5200. అంటే 13 శాతం. ఏడాది సరుకులో మీకు 13 శాతం కంటే ఎక్కువ కలిసొస్తేనే పని. పురుగు పట్టి పోయేది ఇంకా లెక్కలోకి తేలేదు. డ్వాక్రా గ్రూపులో ఉంటే ఆ అప్పు వడ్డీ దీనికంటే చాలా తక్కువ, ముందు అది చూడండి. అన్నీ కాకుండా రేటు బాగా ఊగేవి, త్వరగా పాడవనివి మాత్రం ఎంచుకోండి. మిరపకాయలు, చింతపండు. ఈ రెంటికీ డబ్బు కూడా తక్కువే. నూనె మాత్రం నిలవ చేయకండి, గ్రాములు చూసి నెలనెలా...

మార్ట్ వీరుడు
మళ్లీ నూనె!

తణుకు మెట్టినిల్లు
మిరపకాయలు సరే. ముచ్చికలు ఎవరు తీస్తారో ముందే ఇంట్లో మాట్లాడుకోండి. మీ ఆయన ఆదివారాలు ఖాళీయే కదా.

రామచంద్రపురం కోడలు
ఆ పాయింట్ ఆయనకు చదివి వినిపించాను. కాకినాడ మార్ట్ ఊసు మానేశారు.

సార్వా దాళ్వా
అందరూ నన్ను పాతకాలపు మనిషిని చేశారు కాబట్టి ఒక మాట. నేను ఏడాది సరుకు చేసేది నాలుగు రూపాయలకు కాదు. మార్చిలో మినుములు బస్తాల్లో వ్యాపారికి కాటా వేస్తాను. తేమ ఉందని ఒక కోత, తాలు ఉందని ఇంకో కోత. ఆరు నెలలు తిరక్కుండా అవే మినుములు గుళ్లుగా, ప్లాస్టిక్ సంచిలో, మీద బొమ్మతో వచ్చి నాకే ఎదురుపడతాయి. ఆ ధర చూస్తే చెయ్యి రాదు. నా పంట నేను మళ్లీ డబ్బులిచ్చి కొనను. అందుకే నాకు కావలసింది ముందు పక్కకు తీసి, మిగిలిందే అమ్ముతాను. ఇందులో ఎవరి ఓపికనూ తక్కువ చేయాలని కాదు.

తణుకు మెట్టినిల్లు
ఇది మొదటి పోస్టులో రాసి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. ఓపిక మాట మాత్రం నేను మర్చిపోను.

కొట్టు అబ్బాయి
బాబాయ్ గారూ, ఆ వ్యాపారికి ఇచ్చే మినుములు ఈసారి నాకే ఇవ్వండి. నేను పప్పు చేయించి కొట్లో పోసుకుంటాను. అతనిచ్చే రేటు మీద కిలోకు రెండు రూపాయలు కలిపిస్తాను. తేమ, తాలు అని కోతలు ఉండవు.

సార్వా దాళ్వా
బాగానే ఉంది. నగదు ఇస్తావా?

కొట్టు అబ్బాయి
సగం కాటా దగ్గర, సగం నెలాఖరుకు.

సార్వా దాళ్వా
అంటే నేను నీకు ఖాతా పెట్టాలి.

లంకవాసి
😂😂

కొట్టు అబ్బాయి
ఒక్క నెల బాబాయ్. రొయ్యల చెరువుల దగ్గర పనిచేసేవాళ్ల పద్దు నాకు రావాలి. చెరువు పట్టుబడి అయితే వాళ్లకు డబ్బు, వాళ్లిస్తే నాకు.

సార్వా దాళ్వా
పట్టుబడి ఎప్పుడో కనుక్కుని చెప్పు. అప్పుడు మాట్లాడదాం.