పది కిలోమీటర్లకోసారి బండి ఆగిపోతోంది, కాయిల్ మార్చినా తగ్గలేదు

తెనాలి కుర్రాడు:
నాది 2013 మోడల్ 125 సీసీ బండి, కార్బొరేటర్‌ది. 71 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ తెనాలి నుంచి గుంటూరు వెళ్ళి వస్తాను. మూడు వారాలుగా ఒకటే గోల. ఊరు దాటి యాభై, అరవైలో పోతుంటే పది కిలోమీటర్లకల్లా ఆగిపోతోంది. కిక్కు కొడితే అందుకోదు. పది నిమిషాలు పక్కన పెడితే ఏమీ ఎరగనట్టు ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. నారాకోడూరు దగ్గర టీ కొట్టాయనకి నేను రోజువారీ గిరాకీ అయిపోయాను. మొన్న వెనకాల ఇసుక లారీ వస్తుండగా ఆగింది, ప్రాణం పోయినంత పనైంది.

వేడెక్కితే ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ పని చెయ్యట్లేదన్నాడు మా మెకానిక్. కాయిల్ మార్చాం, ప్లగ్గు మార్చాం, కార్బొరేటర్ విప్పి కడిగించాం. పద్దెనిమిది వందలు వదిలాయి, బండి మాత్రం ఆగుతూనే ఉంది. ఇంకోటి, ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజు మరీ ఘోరం, నాలుగైదు కిలోమీటర్లకే ఆగుతుంది. బంకులో నీళ్ళు కలుపుతున్నారేమోనని రెండు బంకులు మార్చాను, తేడా లేదు. ఊళ్ళో తిరిగితే మాత్రం అసలు ఆగదు. ఇప్పుడు సీడీఐ, అదే ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చూసే డబ్బా, మార్చమంటున్నాడు. మార్చనా?

ఓరుగల్లు రైడర్:
అన్నా, సైడ్ స్టాండ్ చూసినవా? నాది 2021 బండి. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా టక్కున ఆఫ్ అయ్యేది. స్టాండ్ స్ప్రింగు సాగిపోయి, బండి ఎగిరినప్పుడు స్టాండ్ కొంచెం కిందికి దిగుతుండె, ఆ స్విచ్చు ఇంజన్ని కట్ చేస్తుండె. స్ప్రింగు మార్చంగనే సెట్టయింది.

తెనాలి కుర్రాడు:
నా పాత బండికి ఆ స్విచ్చే లేదు తమ్ముడూ. స్టాండ్ వేసి ఉన్నా పరిగెడుతుంది.

నైట్ షిఫ్ట్:
ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక పాత బళ్ళన్నిటికీ ఇదే బాధ. ట్యాంకు దించి కడిగించండి.

షెడ్డు బాబాయి:
ఇథనాల్ వల్లో, బంకులోనో ట్యాంకులో నీళ్ళు చేరితే అవి అడుగునే ఉంటాయి కదా. పది నిమిషాలు ఆగితే మాయమైపోవు. పైగా పొద్దున్నే స్టార్టింగులోనే ఏడిపిస్తాయి. ఇది ఆ జబ్బు కాదు.

అబ్బాయ్, సీడీఐ జోలికి ఇప్పుడే పోకు. ముందు ఇది చెప్పు. ఆగేటప్పుడు తాళం తిప్పేసినట్టు ఠక్కున పోతోందా? లేక పికప్పు పడిపోయి, నాలుగైదు సార్లు గుంజి, అప్పుడు పోతోందా? ఠక్కున పోతే కరెంటు వైపు వెతకాలి: ప్లగ్గు క్యాపు, పికప్ కాయిలు, తాళం దగ్గర వైర్లు. గుంజి గుంజి పోతే పెట్రోలు అందట్లేదని.

తెనాలి కుర్రాడు:
గుంజే పోతుంది బాబాయ్. ముందు యాక్సిలేటర్ ఎంత తిప్పినా లాగదు. అప్పుడు చోక్ లాగితే ఇంకో వంద గజాలు నడుస్తుంది. హారన్, లైటు ఆగాక కూడా బాగానే ఉంటాయి.

షెడ్డు బాబాయి:
ఇంకేం, సగం దొరికింది. ఇంట్లో నూనె డబ్బాకి ఒకటే కన్నం పెట్టి వంచి చూడు. బొళక్ బొళక్‌మని ఆగి ఆగి పడుతుంది. రెండో కన్నం పొడిస్తేనే ధార కడుతుంది. నీ బండికి పెట్రోలు పంపు లేదు, దాని బరువుకి అదే కిందికి దిగాలి. అది దిగినంత మేర పైనుంచి గాలి రావాలి. ఆ గాలికి మూతలో సన్నటి దారి ఉంటుంది. నీది పూడిపోయి ఉంటుందని నా అనుమానం.

ఫుల్ ట్యాంకు సంగతి చెప్పావుగా, అదే నాకు దొరికిన ఆనవాలు. నిండా ఉన్నప్పుడు పెట్రోలు మీద గాలికి చోటు ఉండేది కాస్తే. గుక్కెడు పెట్రోలు దిగేసరికే ఆ కాస్త గాలి సాగిపోయి పెట్రోలుని పైనే పట్టి ఉంచుతుంది. సగం ట్యాంకులో గాలి ఎక్కువ కాబట్టి కాస్త ఎక్కువ దూరం లాగుతుంది. బంకువాణ్ణి అనవసరంగా ఆడిపోసుకున్నావు. ఊళ్ళో మెల్లగా తిరుగుతావు కాబట్టి సందుల్లోంచి దూరే గాలి సరిపోతుంది. పక్కన పెట్టిన పది నిమిషాల్లో చల్లబడేది ఇంజనే, కానీ బండి స్టార్టయ్యేది లోపలికి గాలి చేరినందుకు.

రేపు ఆగగానే పూర్తిగా రోడ్డు దిగి, మూత తియ్యి. చెవి దగ్గరగా పెట్టుకో, సుయ్‌మని గాలి పీల్చుకుంటుంది. కార్బొరేటర్ గిన్నె నిండడానికి అర నిమిషం ఇచ్చి కిక్కు కొట్టు. పక్కన బీడీ, సిగరెట్టు ఎవరి చేతిలోనూ లేకుండా చూసుకో. సుయ్‌మనకపోతే మళ్ళీ రాయి, కార్బొరేటర్ కింద డ్రెయిన్ స్క్రూ వదులు చేసి ధార చూద్దాం.

తెనాలి కుర్రాడు:
బాబాయ్! సుయ్‌మంది. టీ కొట్టు ఇంకో ఫర్లాంగు ఉందనగా ఆగింది. మూత తీశాను, కుక్కర్ విజిల్ వెనక్కి లాగినట్టు చప్పుడు. రెండో కిక్కుకే అందుకుంది. తర్వాత గుంటూరు దాకా మూత తాళం వెయ్యకుండా, ఊరికే పైన ఆనించి మెల్లగా వెళ్ళాను. ఎక్కడా ఆగలేదు.

సాయంత్రం మూత తిప్పి చూస్తే నడుమ కన్నంలో తెల్లగా గట్టిపడిన గమ్ము. అప్పుడు గుర్తొచ్చింది. వానల్లో మూత దగ్గర నీళ్ళు నిలిచి ట్యాంకులోకి దిగుతున్నాయని నేనే ఒక షెడ్డులో చెప్పాను. అక్కడి కుర్రాడు "లీకేజీ ఆపేశానన్నా" అని యాభై తీసుకున్నాడు. మొత్తం ఆపేశాడు! పిన్నీసుతో గుచ్చి తీశాను. ఇవాళ పోనూ రానూ ఎక్కడా ఆగలేదు. కానీ వానొస్తే నీళ్ళు మళ్ళీ దిగుతాయి కదా?

షెడ్డు బాబాయి:
మూత చుట్టూ గుంటలో ఒక మూల చిన్న బెజ్జం ఉంటుంది చూడు. నిలిచిన నీళ్ళు అందులోంచి ట్యూబులో పడి బండి కిందికి కారిపోవాలి. అది బురదతో మూసుకుంటేనే నీళ్ళు నిలిచి ట్యాంకులోకి జారతాయి. సన్నటి తీగ పెట్టి పొడిచి, మగ్గుతో కాస్త నీళ్ళు పోసి, కింద కారుతున్నాయో లేదో చూడు. పొయ్యబోయే ముందు ట్యాంకు మూత వెయ్యడం మర్చిపోకు, నీ తొందర చూస్తే భయమేస్తోంది.

తెనాలి కుర్రాడు:
వేసే పోశాను బాబాయ్. ముందు నల్లటి బురద వచ్చింది, దాని వెనకే ఒక చచ్చిన చీమ, తర్వాత నీళ్ళు. మూత రబ్బరు మీద గమ్ము ఇంకా కొంచెం అంటుకుని ఉంది. పెట్రోలుతో తుడవనా?

షెడ్డు బాబాయి:
వద్దు, గోరుతో గీకు. మూత బండి మీద ఉండగా గీకితే ముక్కలు ట్యాంకులో పడి రేపు కింద పెట్రోలు కాక్‌లో ఇరుక్కుంటాయి. ఊడదీసి, పేపరు మీద పెట్టి గీకు.